పసుపు డబ్బా కింది జాబితా

తార్నాకలో కూరగాయలు నేను పొద్దు వాలాకే కొంటాను. ఆ వేళకు బండివాడికి ఇంటికి పోవాలన్న తొందర ఉంటుంది, అడిగిన ధరకు ఇస్తాడు. పోయిన వారం అలా సంచీ పట్టుకుని వస్తుంటే, చర్చి సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. పోయినవాళ్ల ఫ్లెక్సీలు రోజూ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటాయి, నేను ఆగను. దీని దగ్గర ఆగాను. ఫొటోలో మనిషి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నారు. ఫొటోకు కూడా కళ్లద్దాలు కిందికి దించని మనిషి నాకు తెలిసి ఒక్కరే.

ప్రభువునందు నిద్రించారని కింద రాసి ఉంది. నేను నాలుగో తరగతి వరకే చదువుకున్నాను గానీ, తెలుగు అక్షరం ఎక్కడ కనబడినా చదువుతాను. పేరు కూడా చదివాను. ఆ పేరు నాకు ఎవరో వేరే మనిషిది లాగా అనిపించింది.

ఇంటికి వచ్చాక మనవరాలితో అన్నాను. "కాయితాల సారు పోయిండే."

అది ఫోనులోంచి తల ఎత్తలేదు. "ఎవరమ్మమ్మా?"

"నా పేరు జాబితాల సరిచేసిన సారు. గాయన లేకుంటే నాకు ఈ పింఛను లేదు."

"ఎప్పుడూ చెప్పలే నువ్వు."

నిజమే, చెప్పలేదు. చెప్పాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. అది అటెండర్ మల్లయ్య సంగతి. పోయిన ఏడాది తార్నాక మెట్రో మెట్ల దగ్గర సారు కనబడ్డప్పుడు కూడా అదే అడిగారు. "మల్లయ్య కనపడ్డాడా అమ్మా?"

కనపడ్డాడా అంటే, చెప్పాల్సిన మాట చెప్పావా అని. "కనపడ్డడు సారూ," అన్నాను. ఆయన నవ్వి, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. చెప్పలేదని ఆయనకు తెలుసు.

*

నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసేదాన్ని. రోజుకూలీ మీద. మాలాంటి ఆడవాళ్లం నలభై మందిమి ఉండేవాళ్లం, అన్ని హాస్టళ్లూ కలిపి. ఎవరు ముందు చేరారో వాళ్లకు ముందు పర్మినెంట్ అవుతుందని అందరికీ తెలుసు. ఎవరు ముందు చేరారన్నది మాత్రం ఆఫీసు బీరువాకే తెలుసు.

ఆ బీరువా తాళం ఉన్న సెక్షన్‌కు కాయితాల సారు వచ్చారు. కోస్తా వైపు మనిషి, తార్నాకలో కాపురం. మా ఫైళ్లు చూసేవారు. వాటికి తోడు సమాచార హక్కు పని కూడా ఆయన నెత్తిన పెట్టారు, మిగతావాళ్లు ఎవరూ వద్దన్నారు కాబట్టి.

మొదటిసారి ఆయన మెస్ వెనక తలుపు దగ్గరికి వచ్చి అడిగింది మైదా.

"అమ్మా, ఓ గరిటెడు మైదా కాచి జిగురు చేసిపెడతారా? గోడకు కాయితాలు అంటించాలి."

"పిల్లల తిండికి తెచ్చిన పిండి సారూ. గోడలకు తినవెట్టనీకి కాదు," అన్నాను.

ఇంకొకరైతే ఆఫీసు మనిషినని గుర్తుచేసేవారు. ఆయన "అదీ నిజమే" అని వెళ్లిపోయారు. మరుసటి సోమవారం ఇంటి నుంచి చిన్న పొట్లంలో మైదా తెచ్చుకున్నారు. పొయ్యి మాత్రం మాదే. నేను గిన్నె ఇచ్చాను, గిన్నె కడిగిస్తేనే మళ్లీ ఇస్తానని చెప్పాను. ప్రతి సోమవారం గిన్నె తళతళలాడేటట్టు కడిగి బోర్లించి పోయేవారు.

మేమంతా వెనక మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆయన గోడకు కాయితం అంటించేవారు. ఒక చేతిలో జిగురు గిన్నె, చంకలో గొడుగు, ఎండైనా వానైనా. సీతాఫల్‌మండి నుంచి వచ్చే లక్ష్మి నోరు ఊరుకోదు.

"ఎందుకు సారూ గీ తిప్పలు? మా కూలి మాకు తెల్వదా?"

"మీ కూలి మీకు తెలుసమ్మా. మీ తర్వాత చేరినావిడ మీకన్నా ముందు పర్మినెంట్ ఎలా అయ్యిందో తెలుసా?"

లక్ష్మి చాట పక్కన పెట్టింది. "తెల్వదు."

"ఎవరైనా దరఖాస్తు పెట్టి అడిగితే ఆఫీసు చెప్పాలి. అది అందరికీ తెలిసిన సంగతి. అడక్కముందే తనంతట తాను బయట పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎవరి పని ఏమిటి, ఏ ఫైలు ఎవరి దగ్గరుంది, ఏది ఏ లెక్కన నిర్ణయించారు. చట్టంలోనే రాసుంది. కంప్యూటర్లో పెట్టమని కూడా ఉంది. పెట్టరు."

"ఎందుకు పెట్టరు?"

"అడిగేవాళ్లు లేరు కదా అంటారు. అడక్కముందే చెప్పడానికే కదమ్మా ఆ మాట రాసింది."

అడక్కముందే. రోజుకు పదిసార్లు ఆ మాట ఆయన నోట వచ్చేది. మా ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. లక్ష్మి అయితే వడ్డించేటప్పుడు పిల్లలు ప్లేటు చాపకముందే పప్పు పోసి, "కాయితాల సారు చెప్పిండు, అడక్కముందే ఇయ్యాలంట," అనేది.

ఆయన బల్ల దగ్గర ఇంకో అలవాటు చూశాను. ఎవరు ఏది అడగడానికి వచ్చినా, ఫైలు తెరిచి, దాన్ని అవతలి మనిషి వైపు తిప్పేవారు. ఆఫీసులో ఇంకెవరూ అలా తిప్పరు. తమ వైపు పెట్టుకుని, చేయి అడ్డం పెట్టి, చదివి చెబుతారు. ఈయన తిప్పి, పెన్ను మూతతో వరుస చూపించి, తాను తలకిందుల అక్షరాలు చదివేవారు. చదువు రానివాళ్లు వచ్చినా తిప్పేవారు. "సారూ, నాకు చదువు రాదు గదా," అని ఒకామె అంటే, "మీ కాయితం కదమ్మా, మీ వైపే ఉండాలి," అన్నారు.

*

ఇప్పుడు నా సంగతి.

గోడ మీది కాయితం వెనక వైపు ఖాళీగా ఉంటుంది. దళసరి కాయితం. దాన్ని పారేయడం నాకు చేతకాదు. పరీక్ష ఫీజు కాయితాలు, నాటకాల కాయితాలు, పోయిన గొడుగు దొరికితే ఇవ్వమనేవి, ఏదైనా సరే, రెండు రోజులు గోడ మీద ఉండనిచ్చేదాన్ని. మూడో పొద్దున తడిగుడ్డ పెట్టి, చిరగకుండా తీసి, వంటగది అరల్లో పరిచేదాన్ని. పాతది తీయకుండా దాని మీదే కొత్తది. అర మెత్తగా ఉంటుంది, డబ్బాలు జారవు, సిమెంటు గీరుకోదు. ఇంగ్లీషు కాయితాలైతే ఏముందో కూడా చూసేదాన్ని కాదు. చూసినా రాదు.

ఒక సోమవారం ఆయన ఎప్పటికన్నా పెద్ద కాయితం అంటించారు. ఇంగ్లీషు. అటెండర్ మల్లయ్య గిన్నె పట్టుకున్నాడు. "నలభై మందిలో ఎవరెప్పుడు చేరారో జాబితా. పదిహేను రోజులు ఉంటుంది, తప్పుంటే చెప్పండి. తర్వాత ఖాయం అయిపోతుంది," అని అరిచి చెప్పారట. నేను లోపల గ్రైండర్ దగ్గర ఉన్నాను. ఆ చప్పుడులో నాకు వినబడలేదు.

గురువారానికి కాయితం లేదు. మళ్లీ అంటించారు. మళ్లీ లేదు. మూడోసారి మల్లయ్యే అంటించి వెళ్లాడు, అదీ పోయింది.

ఆడవాళ్లలో గుసగుస మొదలైంది. ఎవరూ తప్పులు చెప్పకూడదని ఆఫీసువాళ్లే చింపిస్తున్నారని. ఆఫీసువాళ్లు ఎవరితో చింపిస్తారు, మల్లయ్యతోనే. లక్ష్మి అతనికి చాయ్ పోయడం మానేసింది. "పొద్దున అంటువెట్టి మాపటికి పీకుతున్నవంట గదా. సూపరిండెంట్ ఏమిస్తుండు?" అని అందరి ముందు అడిగింది. మల్లయ్య ముఖం నల్లగా అయింది. "నా బిడ్డ మీద ఒట్టక్కా, నేను ముట్టలే," అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. నేను తీసేవి పని అయిపోయిన పాత కాయితాలనే అనుకునేదాన్ని, ఆ జాబితా మా అరలో ఉందని నాకప్పుడు తెలియదు.

ఇంకా నాలుగు రోజులు మిగిలాయనగా, పెద్ద వాన పట్టింది. కాయితాల సారు తడుస్తూ వచ్చి, వంటగదిలో నిలబడి మంచినీళ్లు అడిగారు. గ్లాసు అందుకుంటూ అర వైపు చూశారు. కళ్లద్దాలు నుదుటి మీది నుంచి కిందికి దించారు. నేను చూడగా ఆయన కళ్లద్దాలు దించడం అదే మొదలు.

పసుపు డబ్బా పక్కకు పెట్టి, కింది కాయితం లాగి, చేతిరుమాలుతో తుడిచి, బండ మీద పెట్టారు. నా వైపు తిప్పారు.

"ఇది మీరే పెట్టారా అమ్మా?"

"నేనే. ఏమయింది? పాత కాయితమే గదా."

ఆయన కోప్పడలేదు. పెన్ను మూతతో ఒక వరుస చూపించారు, చివరికి దగ్గరగా. "ఇది మీ పేరు. చేరింది పోయిన జూన్‌లో అని ఉంది."

నేను ఆ వరుస మీద వేలు పెట్టాను. "పోయిన జూన్ ఏంది సారూ? పద్నాలుగేండ్లాయె. పెద్ద గ్రైండర్ రాకముందు, చేత్తో రుబ్బిన నేను."

ఆయన మిగతా పేర్లు చూశారు. నలభైలో ఇరవైకి పైగా జూన్‌లే. కాసేపు ఆలోచించి, "ఎండాకాలం మెస్ మూస్తారు కదా?" అన్నారు.

మూస్తారు. రెండు నెలలు. మేం ఊళ్లకు పోతాం, జూన్‌లో తెరిచినప్పుడు వస్తాం, వచ్చిన రోజు హాజరులో పేరు కొత్తగా రాస్తారు. జాబితా తయారుచేసినవాళ్లు ఆఖరి జూన్ పట్టుకున్నారు. ఏ ఎండాకాలమూ ఊరికి పోకుండా క్యాంపస్‌లో గడ్డి పీకే పనికి ఉన్నవాళ్లు మాత్రం పాతవాళ్లయ్యారు. పుట్టింటికి పోయి వచ్చిన పాపానికి మేమంతా ఏటేటా కొత్త కోడళ్లమయ్యాం.

"పాత హాజరు కాయితాలుంటే చాలు, సరిచేయొచ్చు. ఆఫీసులో మూడేళ్లు దాటినవి లేవు. చెదలు పట్టాయని పారేశారు. ఏం చేద్దామమ్మా," అని ఆయన స్టూలు మీద కూర్చున్నారు.

ఇరవై మంది బతుకు నా పసుపు డబ్బా కింద ఉన్నదని అప్పుడు అర్థమైంది. చేతులు ఊరికే ఉండలేక అర మీద మిగిలిన డబ్బాలు కూడా దించాను. జాబితా కింద నాటకం కాయితం. దాని కింద పరీక్ష ఫీజు. ఇంకా కింద, నీలం సిరా చారలతో, పల్చగా ఒకటి.

అన్ని హాస్టళ్లకూ కలిపి ప్రతి నెలా ఆఫీసుకు పంపే హాజరుకు కార్బన్ పెట్టి ఇంకొకటి మా మెస్‌లో ఉంచేవారు. నెల తిరిగాక దాన్ని పారేసేవారు. నేను పారేయనిచ్చేదాన్ని కాదు.

"సారూ," అన్నాను, "గిది చూడుండ్రి."

ఆయన లేచారు. ఆ మధ్యాహ్నం అరలన్నీ పొర పొరగా విప్పాం. పప్పుల అర, మసాలా అర, నూనె డబ్బాల కింది అర. నూనె అరలోవి పారదర్శకమైపోయాయి, అయినా పేర్లు కనబడుతున్నాయి. కొన్ని ఏళ్లు అసలు దొరకలేదు. ఒక ఏడాది మీద చింతపండు పులుసు ఒలికి ఉంది. ఆయన ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి, సన్నగా ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తూ, వరుసగా పేర్చారు. అన్నిటికన్నా అడుగున దొరికినదాంట్లో, పద్నాలుగేళ్ల కిందట, నేను నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో నా సంతకం ఉంది.

*

కాయితాలు సంచీలో పెట్టుకుని వెళ్తుంటే నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"సారూ, చింపింది నేనని చెప్పకుండ్రి. లక్ష్మి వాళ్లకు తెలిస్తే నన్ను బతకనియ్యరు."

ఆయన నా ముఖం చూశారు. "నేను చెప్పనమ్మా. అది ఆఫీసు సంగతి కాదు, మీది. కానీ మల్లయ్యకు మీరు చెప్పాలి."

"అడిగితే చెప్త."

"అడక్కముందే," అన్నారు.

మరునాడు నన్ను కూడా సూపరిండెంట్ దగ్గరికి తీసుకెళ్లారు. సూపరిండెంట్ ఆ కాయితాలను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏందయ్యా ఇది, పులుసు వాసనొస్తుంది. గివి యూనివర్సిటీ వెబ్‌సైట్ల పెడ్తవా? ఇజ్జత్ పోతది."

"మరకలున్నా అక్షరాలు కనబడుతున్నాయి సార్. జాబితా ఒక్కటే పెడితే నమ్మరు. దేన్ని చూసి సరిచేశామో అది కూడా పక్కన పెట్టాలి. గోడ మీద నిలవడం లేదు కదా. అక్కడైతే ఎవరూ పీకలేరు."

ఆ ఆఖరి మాట అంటూ నా వైపు చూడలేదు. అందుకు ఆయనకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

"మంచిగ చింపిండ్రులే ఎవరో, గడువంత గట్లనే పాయె," అని సూపరిండెంట్ సంతకం పెట్టి, గడువు ఇంకో పదిహేను రోజులు పెంచాడు.

వెళ్లేముందు నేను నోరు తెరిచాను. "ఇంగ్లీషుల పెడితే మేమెట్ల చదువాలె సారూ? తెలుగుల పెట్టుండ్రి."

కాయితాల సారు నాలుగు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలుతో, ప్రతి అక్షరం పైకి పలుకుతూ, నలభై పేర్లూ తెలుగులో కొట్టారు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. అన్నం లైనులో నిలబడ్డ పిల్లలు ఫోన్లు తీసి చదువుతున్నారు. "అక్కా, నువ్వు ఏడో నంబర్." "లక్ష్మక్కా, నీది పదకొండు, కాని పేరు పక్కన చేరిన ఏడాది లేదు, రేపే రాసియ్యి." ఒక పిల్లవాడు నా ముందు ప్లేటు పెట్టి, ఫోను నా వైపు తిప్పాడు. పులుసు మరక కాయితం అందులో వెలుగుతోంది. మరక పక్కన నా సంతకం. ఏ ఊరి నుంచి ఎవరు చూసినా కనబడుతుందన్నాడు. వెనక లైను ఆగిపోయింది. అయినా నేను చదువుకున్నాను, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా.

జాబితా మారింది. ఉత్తర్వు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది, అప్పటికి ఆయన రిటైర్ అయ్యారు. కానీ వచ్చింది. ఆఖరి కొన్నేళ్లు పర్మినెంట్‌గా చేసి దిగాను. ఆ తర్వాత హాస్టల్ సీట్ల జాబితా, మెస్ సరుకుల జాబితా, ఒక్కొక్కటీ అదే చోటికి వచ్చాయి. ఇప్పుడు నా మనవరాలు కూడా సీటు వచ్చిందా లేదా అని ఆఫీసు మెట్లు ఎక్కదు, మంచం మీద పడుకుని చూస్తుంది. అదేదో ఎప్పటి నుంచో అలాగే ఉన్నదనుకుంటుంది. అనుకోనీ.

మల్లయ్యకు మాత్రం నేను చెప్పలేదు. మొదట భయం. తర్వాత జాబితా బాగైంది కదా, ఇంకెందుకులే అనిపించింది. ఆ తర్వాత సిగ్గు. చింపింది మల్లయ్యేనని మిగతా అందరూ అనుకుంటూనే ఉండిపోయారు. అతను అటెండర్‌గానే రిటైరై, ఇప్పుడు తార్నాకలో సందు మూల మీద జిరాక్స్ దుకాణం పెట్టుకున్నాడు. నేను కూరగాయలకు అటు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్తాను.

*

శనివారం చర్చిలో సారు జ్ఞాపకార్థం పెట్టిన కూడికకు వెళ్లాను. వచ్చినవాళ్ల చేతుల్లో పాటలు అచ్చువేసిన కాయితం పెట్టారు. వెనక ఖాళీ. అలవాటు కొద్దీ మడిచి సంచీలో పెట్టబోయి, తెరిచి, ముందు వైపు మొత్తం చదివాను. చదివాకే వెనక వైపు ఈ సంగతి రాయడం మొదలుపెట్టాను. అది చాలకపోతే మనవరాలి పాత నోటుబుక్కులో మిగిలిన కాయితాలు తీసుకున్నాను. జరిగింది జరిగినట్టు, అరలు, పసుపు డబ్బా, అన్నీ.

నిన్న మల్లయ్య దుకాణానికి వెళ్లాను. నన్ను చూసి లేచాడు.

"ఏందక్కా, తొవ్వ తప్పినవా? కాయితాల సారు కూడికల నిన్ను చూసిన, పలుకరిద్దామంటే ఎల్లిపోయినవు."

రాసిన కాయితాలు గాజు బల్ల మీద పెట్టి, అతని వైపు తిప్పాను.

మల్లయ్య నిలబడే చదివాడు. మధ్యలో ఒక పిల్ల సర్టిఫికెట్లు పట్టుకుని వస్తే, ఆగమని చేయి చూపించాడు. తాను బిడ్డ మీద ఒట్టు పెట్టుకున్న మాట దగ్గర వేలు పెట్టి, దాన్ని మళ్లీ చదివాడు. నేను సంచీ కాడలు పట్టుకుని నిలబడ్డాను. పారిపోవాలనిపించింది గానీ, పారిపోలేదు.

మొత్తం చదివి కాయితాలు సర్దాడు. కళ్లు తుడుచుకున్నాడో, చెమట తుడుచుకున్నాడో, నేను అటు చూడలేదు.

"నా బిడ్డకు సుత నమ్మకం లేకుండె అక్కా," అన్నాడు. మిషన్ మూత పైకెత్తాడు. "ఎన్ని కాపీలు కొట్టాలె?"

"నలభై మందిల పోయినోళ్లు పోంగ ఇరవై ఆరు మందిమి ఉన్నం. లక్ష్మికి నేనే ఇచ్చొస్త. నీకొకటి, నీ బిడ్డకొకటి."

"సరే," అని కాయితాలు లెక్కపెట్టుకున్నాడు.

"మల్లయ్యా," అన్నాను, "రెండు దిక్కుల కొట్టు. కాయితం ఖరాబు చేయకు."

అతను అప్పుడు నవ్వాడు.